అంత్యక్రియల నిర్వహణలో డిగ్రీ: చదివితే మన దగ్గర పనికొస్తుందా?

హన్మకొండ_సూక్ష్మజీవి
నేను బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మొన్న ఏప్రిల్‌లో మా తాత చనిపోయినప్పుడు, మస్కట్‌లో ఉన్న చిన్న మామ వచ్చేవరకు రెండు రాత్రులు ఆగవలసి వచ్చింది. అద్దెకు తెచ్చిన ఐస్ పెట్టె మొదటి రాత్రి బాగానే నడిచింది. రెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయి, జనరేటర్ దొరికేలోపు మూడు గంటలు గడిచాయి. పెట్టె మూత తీయాలా, మూసే ఉంచాలా, లోపల మంచుగడ్డలు పేర్చాలా అన్నది చుట్టూ నిలబడ్డ నలభై మందిలో ఒక్కరికీ తెలియదు. ఒకాయన అగరుబత్తుల కట్ట మొత్తం ఒకేసారి వెలిగించాడు. ఒకామె సెంటు సీసా తెచ్చింది. మూడేళ్లుగా సూక్ష్మజీవుల గురించి చదువుతున్న నేను కూడా నోరు మెదపలేకపోయాను.

ఆ తర్వాత వెతికితే, అమెరికాలో మార్చురీ సైన్స్ అనే పేరుతో ఈ పనికి కళాశాల డిగ్రీ ఉందని తెలిసింది. ఇంట్లో చెప్పాను. నాన్న "శవాల చదువా?" అని ఒక్క మాట అని టీవీ శబ్దం పెంచారు. అమ్మ ఏమీ అనలేదు గానీ, ఆ సాయంత్రం ఎవరూ చూడకుండా నాకు దిష్టి తీసింది. ఆ చదువులో నిజంగా ఏం నేర్పుతారో, చదివి వరంగల్‌కు తిరిగి వస్తే దానితో బతకవచ్చో లేదో తెలిసినవారు చెప్పగలరు. ఆడపిల్లను కాబట్టి మూడో ప్రశ్న కూడా ఉంటుందని నాకు తెలుసు. దాన్ని మీరే అడుగుతారు.

ఒహాయో_ఓరుగల్లు
నేను కాజీపేటవాడిని, పదకొండేళ్లుగా సిన్సినాటిలో సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను. మా పక్కింటి కుర్రవాడు ఇదే చదివాడు కాబట్టి, కంచె దగ్గర నిలబడి విన్నదీ ఆ తర్వాత కుతూహలం కొద్దీ చదివినదీ రాస్తున్నాను.

డిగ్రీ నిజమైనదే. ఈ ఊళ్లోని మార్చురీ సైన్స్ కళాశాల 1882లో మొదలైంది. మినెసోటా విశ్వవిద్యాలయంలో ఈ కోర్సు 1908 నుంచి ఉంది. చాలా రాష్ట్రాల్లో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చాలు, కొన్నిచోట్ల నాలుగేళ్లది కావాలి. సగం పాఠాలు మీకు తెలిసినవే: శరీర నిర్మాణం, సూక్ష్మజీవశాస్త్రం, వ్యాధి శాస్త్రం, రసాయన శాస్త్రం. వాటి మీద ఎంబామింగ్ (శవం పాడవకుండా లోపలికి మందు ఎక్కించడం), రెస్టోరేటివ్ ఆర్ట్ అనే ముఖ పునర్నిర్మాణం నేర్పుతారు. మిగతా సగం అకౌంట్లు, చట్టం, దుఃఖంలో ఉన్నవారితో మాట్లాడే పద్ధతి. తర్వాత ఆర్ట్స్, సైన్సెస్ అని రెండు భాగాలుగా నేషనల్ బోర్డు పరీక్ష ఉంటుంది. రాష్ట్రాన్ని బట్టి ఏడాదో అంతకంటే ఎక్కువో అప్రెంటిస్‌గా పనిచేసిన తర్వాతే లైసెన్సు.

ఆ కుర్రవాడికి అన్నిటికంటే కష్టమైంది ఎంబామింగ్ కాదట, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదురుగా కూర్చుని ధరల పట్టిక చేతికి ఇవ్వడమట. 1984 నుంచి అమల్లో ఉన్న ఫ్యునరల్ రూల్ అనే ఇక్కడి నియమం ప్రకారం, వచ్చి అడిగినవారికి ధరలు కాగితం మీద ఇచ్చి తీరాలి. ఫోనులో అడిగినా చెప్పాలి. చట్టం అడగని చోట ఎంబామింగ్ తప్పనిసరి అని అబద్ధం చెప్పకూడదు.

కొత్తవాడ_మగ్గం
ఈ చదువు మన దగ్గరికి వస్తే హన్మకొండ చౌరస్తాలో కోచింగ్ సెంటర్లు ఫ్లెక్సీలు కట్టడం ఖాయం: "ముఖ పునర్నిర్మాణంలో రాష్ట్ర మొదటి ర్యాంకు మాదే." పక్కన ఫొటో విద్యార్థిది వేయాలా, ప్రాక్టికల్‌ది వేయాలా అన్నదే చిక్కు.

పరకాల_హెడ్‌మాస్టర్_విశ్రాంత
హాస్యం పక్కన పెట్టండి. అమ్మా, ఎమ్మెస్సీ చేయండి, పీహెచ్‌డీ చేయండి. మన దగ్గర మనిషి పొద్దున పోతే సాయంత్రానికి దహనం అయిపోతుంది. ఇరవై నాలుగు గంటలు దాటని వ్యవహారానికి నాలుగేళ్ల చదువెందుకు?

అనాటమీ_అక్క
పరకాల మాస్టారు చెప్పిన ఆ సాయంత్రం ఇప్పుడు చాలా ఇళ్లలో రెండో రోజుకో మూడో రోజుకో వాయిదా పడుతోంది. సూక్ష్మజీవి గారి తాత సంగతి చదవలేదా?

నేను ఒక వైద్య కళాశాల అనాటమీ విభాగంలో ట్యూటర్‌గా ఉన్నాను. ముందు ఆ మధ్యాహ్నం గురించి చెబుతాను. కరెంటు పోయినప్పుడు పెట్టె మూత తీయకూడదు. లోపలి చల్లదనమే మనకున్న ఆస్తి, వచ్చిన ప్రతి బంధువు కోసం మూత ఎత్తడమే దాన్ని ఖర్చు చేయడం. మంచు దొరికితే ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, ఒక్కసారే తెరిచి, పొట్టకు రెండు పక్కలా పెట్టి మూసేయాలి. ఎందుకు పొట్ట అంటే, పాడవడం పేగుల్లోని బ్యాక్టీరియాతోనే మొదలవుతుంది. మన ఎండాకాలంలో బయట ఉంచితే 12 నుంచి 18 గంటల్లో పొట్ట కుడివైపు దిగువన ఆకుపచ్చ మచ్చ కనిపిస్తుంది. మీ పాఠ్యపుస్తకంలో ఉన్నదే, ఇంట్లో జరిగితే గుర్తు రాదు. నాకూ మా అత్తగారు పోయినప్పుడు గుర్తు రాలేదు.

ఇక ఎంబామింగ్. చాలామంది దీన్ని మంచులో పెట్టడం లాంటిదనుకుంటారు. చల్లదనం బ్యాక్టీరియాను నెమ్మదింపజేస్తుంది అంతే. ఫార్మాలిన్ అయితే కండలోని ప్రోటీన్లను ఒకదానితో ఒకటి ముడివేసి, బ్యాక్టీరియాకు తిండి లేకుండా చేస్తుంది. తొడ దగ్గరో మెడ దగ్గరో ధమనిని తెరిచి గొట్టం కట్టి, పంపుతోనో, ఎత్తున వేలాడదీసిన డబ్బా నుంచి ధారగానో ద్రవాన్ని ఎక్కిస్తాం. పెద్ద మనిషికి సుమారు 10 లీటర్లు పడుతుంది. ఫార్మాలిన్‌తో పాటు గ్లిజరిన్, స్పిరిట్, నీరు కలుపుతాం. గ్లిజరిన్ తక్కువైతే చర్మం అట్టలా అవుతుంది. ద్రవం సరిగ్గా వెళ్తోందా అన్నది చేతివేళ్లు చూసి తెలుసుకుంటాం. ముడతలు పడ్డ వేలికొసలు మెల్లగా నిండుతాయి. ఆ నిండటం మొదటిసారి చూసిన రోజు నేను అన్నం తినలేదు, భయంతో కాదు, ఆశ్చర్యంతో.

మన దగ్గర ఈ పని ఎక్కువగా వైద్య కళాశాలల అనాటమీ, ఫోరెన్సిక్ విభాగాల్లో జరుగుతుంది. విమానంలో పంపాలంటే ఎంబామింగ్ సర్టిఫికెట్ కావాలి, దాని మీద వైద్యుల సంతకం ఉండాలి. మీరు అమెరికా డిగ్రీతో వచ్చినా ఆ సంతకం మీది కాదు. ఇంకొకటి, ఫార్మాలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల వరుసలో చేర్చింది. గాలి బాగా ఆడే గది, మాస్కు, చేతితొడుగులు లేకుండా ఎవరు నేర్పుతామన్నా ఒప్పుకోకండి.

భద్రకాళి_పౌరోహిత్యం
పరకాల మాస్టారి మాటలో సగం ఒప్పుకుంటాను. దహనానికి శరీరాన్ని నిలవ చేయవలసిన పని మన ఆచారంలో లేదు. అయితే ఈ పదేళ్లలో నేను చేయించిన కర్మల్లో కొడుకు కోసమో బిడ్డ కోసమో ఆగనివి తక్కువ. పంచాంగం కంటే విమానం టిక్కెట్టునే ఎక్కువసార్లు చూడవలసి వస్తోంది.

మెట్‌పల్లి_మస్కట్
అక్క చెప్పిన సర్టిఫికెట్లన్నీ ఉన్న పెట్టె కూడా ఇంటికి వచ్చాక ఏమవుతుందో నేను చెబుతాను.

నేను గల్ఫ్‌లో పద్నాలుగేళ్లు పనిచేశాను. నా గదిలోని మనిషి, మా పక్క ఊరివాడే, నిద్రలోనే పోయాడు. కంపెనీ కాగితం, పోలీసు కాగితం, మన ఎంబసీ ఎన్‌వోసీ, పాస్‌పోర్టు రద్దు, ఎంబామింగ్ సర్టిఫికెట్, విమానంలో కార్గో బుకింగ్: ఒకటి చేతికొస్తే తప్ప రెండోది కదలదు. మొత్తం పంతొమ్మిది రోజులు పట్టింది. 2023లో మన ప్రభుత్వం ఈ అనుమతుల కోసం ఈ-కేర్ అనే ఆన్‌లైన్ పోర్టల్ పెట్టింది, అప్పటికి అది లేదు. పెట్టెతో పాటు నేనే వచ్చాను. శంషాబాద్ కార్గో దగ్గర సరుకుల మధ్య నుంచి ఆ పెట్టె బయటికి వచ్చినప్పుడు దాని మీద బరువు రాసి ఉంది, పేరు తప్పుగా రాసి ఉంది.

ఊరికి చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. పెట్టె లోపల రేకు, బయట చెక్క, చుట్టూ మేకులు. వడ్రంగిని లేపి తీసుకొచ్చారు. ఆయన గడ్డపారతో మూత లేపుతుంటే ఆ చప్పుడుకు వాడకట్టు మొత్తం లేచింది. రేకు కోయగానే వచ్చిన వాసన మందుదో మనిషిదో ఎవరికీ అర్థం కాలేదు. నలుగురు తువ్వాళ్లు ముక్కుకు పెట్టుకుని వెనక్కి జరిగారు. తల్లి మాత్రం ముందుకు వచ్చి "మొకం సూపియ్యుండ్రి" అంది. చూపించాలా వద్దా? ముఖం నల్లబడింది, పెదవులు లోపలికి పోయాయి. అందరూ నా వైపు చూశారు, పెట్టెతో వచ్చినవాడిని నేనే కదా. నేను వద్దన్నాను. ఆమె ఈ రోజుకూ ఆ పెట్టెలో వచ్చింది తన కొడుకేనా అని అడుగుతుంది.

పెట్టె ఎలా తెరవాలో, ముఖాన్ని ఎంతవరకు సరిచేసి చూపవచ్చో, ఆ తల్లికి ఏ మాట చెప్పాలో తెలిసిన మనిషి ఒక్కరు ఆ రాత్రి ఉంటే నేను వాళ్లు అడిగినంత ఇచ్చేవాడిని. చెల్లె, నువ్వు చదువు.

హన్మకొండ_సూక్ష్మజీవి
అన్నా, మీది చదివి అమ్మకు వినిపించాను. ఆమె ఏమీ అనకుండా లోపలికి వెళ్లింది, ఈసారి దిష్టి కోసం కాదు.

ఒహాయో_ఓరుగల్లు
మెట్‌పల్లి అన్న రాసింది చదివాక ఒక సంగతి తట్టింది. అమెరికాలో కూడా ఎంబామింగ్ ఇంటి దగ్గర చనిపోయినవారి కోసం పెరగలేదు. 1861 నుంచి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధంలో ఇంటికి దూరంగా చనిపోయిన సైనికుల శరీరాలను రైళ్లలో తల్లిదండ్రులకు పంపవలసి వచ్చింది, అందుకే పెరిగింది. 1865లో లింకన్ భౌతికకాయాన్ని వాషింగ్టన్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌కు దాదాపు రెండు వారాల పాటు రైలులో ఊరూరా చూపిస్తూ తీసుకెళ్లిన తర్వాత మామూలు జనం కూడా అడగడం మొదలుపెట్టారు. కొడుకు ముఖం చూడాలన్న తల్లులే ఆ విద్యను నిలబెట్టారు.

మెట్‌పల్లి_మస్కట్
వాళ్లకు ఆ యుద్ధం నాలుగేళ్లలో అయిపోయింది. మాకు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇంకా నడుస్తూనే ఉంది.

బొందలగడ్డ_బిడ్డ
ఇంతసేపూ చదువుతూ ఆగాను. మా నాన్న బేగరి. ఈ వేదికలో ఎంతమందికి ఆ మాట తెలుసో నాకు తెలియదు. ఊళ్లో ఎవరు పోయినా మొదటి కబురు మా ఇంటికే వస్తుంది: గుంత తవ్వడం, కట్టెలు పేర్చడం, కాలేవరకు కాపలా ఉండటం. నలభై ఏళ్లుగా ఆయన చేస్తున్నది ఇదే, ఆయన తండ్రి చేసింది ఇదే. దాన్ని ఎవరూ చదువు అనలేదు, పని అని కూడా అనలేదు, "మీ వంతు" అన్నారు. ఇప్పుడు దానికే అమెరికాలో డిగ్రీ ఉందంటే అందరూ సీరియస్‌గా మాట్లాడుతున్నారు.

మాస్టారూ, నాలుగేళ్ల చదువెందుకు అన్నారు. కాష్ఠం పేర్చడంలో ఎంత లెక్క ఉందో చెబుతాను. నాలుగైదు క్వింటాళ్ల కట్టె పడుతుంది. ఎండిన తుమ్మ అయితే నిప్పు నిలుస్తుంది, మామిడి తొందరగా అంటుకుని తొందరగా పోతుంది, కాబట్టి కింద మామిడి, నడుమ తుమ్మ. అడుగున గాలి ఆడే సందు విడవాలి. గాలి ఎటు నుంచి వస్తుందో చూసి ఆ వైపు సందు పెద్దగా ఉంచాలి. ఛాతీ, నడుము ఆలస్యంగా కాలుతాయి, అందుకే అక్కడ బరువైన మొద్దులు పెట్టాలి. ఆ మొద్దు సరిగ్గా పెట్టకపోతే మంటకు శరీరం పైకి లేస్తుంది, చూసినవాళ్లు దయ్యమని పరుగెత్తుతారు. మా నాన్న ఆ మొద్దును పెట్టేటప్పుడు ఒకసారి చేత్తో తట్టి చూస్తాడు, కుండ కొనేటప్పుడు తట్టినట్టు. పచ్చిదైతే చప్పుడు మొద్దుగా వస్తుందట.

దీనికి ఆయనకు వచ్చేది ఇంత బియ్యం, కొంత డబ్బు, ఒక సీసా. 2019 తర్వాత పల్లె ప్రగతి పథకంలో మా ఊరికీ వైకుంఠధామం పేరుతో శ్మశానవాటిక కట్టారు. దింపుడు కల్లం గద్దె ఉంది, స్నానాల గదులు ఉన్నాయి, మోటారు లేదు. నీళ్లు ఆయనే మోస్తాడు. నేను కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి బీకాం చేశాను. ఆ పనికి వెళ్లనని నాన్నకు చెప్పినప్పుడు ఆయన సంతోషించాడు. సూక్ష్మజీవి గారూ, మీరు డిగ్రీతో వస్తే మిమ్మల్ని ఫ్యునరల్ డైరెక్టర్ అంటారు. గుంత మాత్రం మా నాన్నే తవ్వాలి. మిమ్మల్ని నొప్పించాలని రాయడం లేదు. అమెరికాకు దరఖాస్తు పెట్టేముందు ఒక్కరోజు ఆయన పక్కన నిలబడి చూడమని అడుగుతున్నాను.

అనాటమీ_అక్క
మొద్దు గురించి మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. వేడికి కండరాల్లోని ప్రోటీన్లు గట్టిపడి కుంచించుకుపోతాయి, చేతులు, మోకాళ్లు ముడుచుకుంటాయి. ఫోరెన్సిక్ పుస్తకంలో దానికి ఒక పేజీ ఉంది. ఆ పేజీ రాసినవారు ఏ మొద్దు పెట్టాలో రాయలేదు.

హన్మకొండ_సూక్ష్మజీవి
బొందలగడ్డ_బిడ్డ గారూ, మీరన్నది న్యాయం. నా మొదటి పోస్టులో "ఒక్కరికీ తెలియదు" అని రాశాను. తాతకు కట్టెలు పేర్చినాయన ఆ నలభై మందిలో లేడు, గడప బయట వేపచెట్టు కింద కూర్చున్నాడు. ఆయనను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. నేను రావచ్చా? ఆడపిల్ల వచ్చి నిలబడితే మీ నాన్నగారికి ఇబ్బంది అవుతుందా?

బొందలగడ్డ_బిడ్డ
అడిగి చెబుతాను.

కొత్తవాడ_మగ్గం
చివరికి ఆ మూడో ప్రశ్నను ఆమే అడిగేసింది. సంబంధాల పేరయ్యకు ఒక పని తగ్గింది.

మండీబజార్_మిర్జా
ఆడవాళ్లు ఈ పని చేయరనుకోవడమే నాకు వింతగా ఉంది. మా ఇళ్లలో ఆడవారి మయ్యత్‌కు (శవానికి) గుసుల్, అంటే చివరి స్నానం, చేయించేది ఆడవారే. మా నానీ మా వాడలో ఎంతమందికి చేయించిందో లెక్క లేదు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, రేగాకు వేసి కాచాలి, శరీరాన్ని పూర్తిగా విప్పకూడదు, పైన గుడ్డ కప్పి ఉంచి దాని కిందనే చెయ్యి నడపాలి. మగవారికి మూడు, ఆడవారికి ఐదు కఫన్ గుడ్డలు. "బతికున్న మనిషికి స్నానం చేయించినట్టే, తలను మెల్లగా తిప్పండి" అని ఆమె కొత్తవారికి చెప్పేది. ఇప్పుడు నేర్చుకునే అమ్మాయిలు తగ్గిపోతున్నారని ఆమె బాధ.

ఒహాయో_ఓరుగల్లు
ఇక్కడ కూడా ఈ కళాశాలల్లో చేరుతున్నవారిలో సగానికి పైగా అమ్మాయిలే. అయితే ఖర్చు, వీసా సంగతి దాచకుండా చెప్పాలి. చదువయ్యాక విద్యార్థి వీసా మీద పనిచేయడానికి 12 నెలలు ఇస్తారు. సాఫ్ట్‌వేర్ వారికి దొరికే 24 నెలల స్టెమ్ పొడిగింపు ఈ కోర్సుకు లేదు. ఆ 12 నెలలు అప్రెంటిస్‌గానే గడిచిపోవచ్చు. లక్షల అప్పు చేసి, లైసెన్సు చేతికొచ్చే వేళకు సూట్‌కేసు సర్దుకునే పరిస్థితి రావచ్చు.

లాయరమ్మ_సుబేదారి
ఒహాయో గారు చెప్పిన లైసెన్సు కథకు మన వైపు జవాబు: ఇక్కడ అంత్యక్రియల సేవల వ్యాపారానికి ప్రత్యేక డిగ్రీ అడిగే చట్టం లేదు. రేపే బోర్డు పెట్టుకోవచ్చు. మంచి సంగతి అనుకోకండి. ధరల పట్టిక చూపించమనే నియమం కూడా అందుకే లేదు. ఆస్పత్రి గేటు దగ్గర బేరం ఆడే ఓపిక ఏడుస్తున్నవాడికి ఉండదని బండివారికి బాగా తెలుసు.

డిగ్రీ ఉన్నా లేకపోయినా తెలియవలసినవి కొన్ని ఉన్నాయి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. దాటితే ఆలస్య రుసుము, అనుమతులు, తిరుగుడు. అనుమానాస్పద మరణమైతే పోలీసు పంచనామా, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 174, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194వ సెక్షన్. అది ముగిసి పోస్టుమార్టం అయ్యేవరకు ఎవరూ శరీరానికి మందు ఎక్కించకూడదు. ఫార్మాలిన్ పడితే విషపరీక్షలు దెబ్బతింటాయి. ఒక కేసులో మంచి ఉద్దేశంతో ఎంబామింగ్ చేయించిన అన్ననే మూడేళ్లు కోర్టు చుట్టూ తిరిగాడు.

మెట్‌పల్లి_మస్కట్
లాయరమ్మ గారూ, ఇంకొకటి కూడా చేర్చండి. ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, ప్రమాద మరణానికి 10 లక్షలు. రాష్ట్ర ప్రభుత్వం 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల సహాయం ప్రకటించింది. పెట్టె వచ్చిన రోజున ఎవరికీ ఈ కాగితాల మీద ధ్యాస ఉండదు, పదకొండో రోజుకు సగం కాగితాలు కనిపించవు. మా వాడి డెత్ సర్టిఫికెట్ అసలు ప్రతి కర్మ సామాను సంచిలో, దర్భల కింద దొరికింది.

భూపాలపల్లి_సెకండ్‌షిఫ్ట్
నేను ఎప్పుడూ రాయను, చదువుతాను అంతే. మా నాన్న లారీ ప్రమాదంలో పోయినప్పుడు నాకు పదకొండేళ్లు. శరీరాన్ని మెడ వరకు కాదు, పూర్తిగా తెల్లగుడ్డలో చుట్టి తెచ్చారు. "పిల్లగానికి చూపించకండి" అని ఎవరో అన్నారు. దింపుడు కల్లం దగ్గర చెవిలో మూడుసార్లు పిలవమన్నారు. చెవి ఎక్కడుందో తెలియక గుడ్డ మీదనే పిలిచాను. పంతొమ్మిదేళ్లయింది. పైన ఒహాయో అన్న చెప్పిన ముఖ పునర్నిర్మాణం అలాంటి వాటికి పనికొస్తుందా?

అనాటమీ_అక్క
తమ్ముడూ, ఒక్కోసారి వస్తుంది, అన్నిసార్లూ రాదు. ఆ విద్య కొలతల మీద నడుస్తుంది. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి కనుబొమ్మల వరకు, కనుబొమ్మల నుంచి ముక్కు కింది వరకు, అక్కడి నుంచి గడ్డం వరకు మూడు భాగాలు ఇంచుమించు సమానం. చెవి ఆ మూడింటిలో మధ్య భాగానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది, పొడవు ముక్కంత. ముఖం వెడల్పు ఐదు కళ్లంత. ఒక పక్క మిగిలి ఉంటే దాన్ని చూసి రెండో పక్కను మైనంతో కట్టవచ్చు. రెండు పక్కలూ పోతే ఫొటో కావాలి. గంటల తరబడి పని, చివరికి మనిషి పోలిక వస్తుందే తప్ప మనిషి రాడు.

ఒక చెయ్యి మాత్రమే బయట ఉంచి, దాన్ని శుభ్రం చేసి, పిల్లవాడి చేతిలో పెట్టవచ్చు. దానికి మైనం అక్కర్లేదు. అది ఎవరికీ తట్టకపోవడం నీ తప్పు కాదు.

భూపాలపల్లి_సెకండ్‌షిఫ్ట్
ఆయన కుడిచేతికి వెండి కడియం ఉండేది. అది చూస్తే చాలేది.

పరకాల_హెడ్‌మాస్టర్_విశ్రాంత
నా మొదటి మాటను వెనక్కి తీసుకోను గానీ, కొంచెం సవరిస్తాను. చదువు అవసరమే. అప్పు చేసి అమెరికాలోనే చదవాలా అన్నది నా అభ్యంతరం.

భద్రకాళి_పౌరోహిత్యం
మాస్టారు సవరించుకున్నారంటే రాసి పెట్టుకోవలసిన తిథి.

బొందలగడ్డ_బిడ్డ
నాన్నను అడిగాను. "ఏ కులపు పిల్ల?" అని ముందు అడిగాడు. ఎందుకని అడిగితే, "వాళ్లింట్లో నన్ను తిడతారా అని" అన్నాడు. తిడితే నేను చూసుకుంటానన్నాను. రమ్మన్నాడు.

హన్మకొండ_సూక్ష్మజీవి
ఇరవై రోజుల తర్వాత రాస్తున్నాను. వెళ్లాను, ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిసారి అమ్మ కూడా వచ్చింది. గేటు లోపలికి రానంది, బయట ఆటోలో కూర్చుని పల్లీలు తింటూ రెండు గంటలు ఎదురుచూసింది.

అక్కడ నేను చేసింది ఏమీ లేదు, నిలబడ్డాను. ఆయన కట్టె ఎంచుతుంటే ఏది పచ్చిదో చెప్పమన్నాడు. తట్టి చెప్పాను, ఐదింటిలో మూడు తప్పు. చనిపోయినామె కోడలు గద్దె పక్కన కుప్పకూలితే, ఆయన ఒక్క మాట మాట్లాడకుండా నీళ్ల బిందె ఆమె పక్కన పెట్టి వెళ్లిపోయాడు. ఒహాయో అన్న చెప్పిన కోర్సులో దుఃఖంలో ఉన్నవారితో మాట్లాడటం ఒక సబ్జెక్టు కదా, ఈయన మాట్లాడకుండానే చేశాడు. రెండోసారి వెళ్లినప్పుడు వర్షం. తడిసిన కట్టె పొగకు నా కళ్లు మండుతుంటే, ఆయన నన్ను గాలి వచ్చే వైపు నిలబెట్టాడు.

ఈ ఏడాది అమెరికాకు దరఖాస్తు పెట్టడం లేదు, మానుకోవడమూ లేదు. అనాటమీ అక్క చెప్పిన ప్రకారం ఒక వైద్య కళాశాలలో ఎంబామింగ్ చూసేందుకు అనుమతి కోరుతూ అర్జీ ఇచ్చాను. జవాబు రాలేదు. లాయరమ్మ గారు, మెట్‌పల్లి అన్న చెప్పిన కాగితాలన్నీ ఒక్క పేజీలోకి తెచ్చి, పెట్టె వచ్చే ఇంట్లో ఎవరైనా చదవగలిగేలా పెద్ద అక్షరాల్లో రాస్తున్నాను. తప్పులుంటే దిద్దండి. నాన్న ఇంకా టీవీ శబ్దం తగ్గించలేదు, కానీ ఆ పేజీలో "పంచనామా" తప్పుగా రాశానని పెన్నుతో దిద్ది బల్ల మీద పెట్టారు.

లాయరమ్మ_సుబేదారి
పేజీ పంపండి. 21 రోజుల సంగతి అన్నిటికంటే పైన ఉండాలి, పెట్టెలో.

కొత్తవాడ_మగ్గం
"పెట్టెలో" అన్న మాట ఇక్కడ కాస్త చూసి వాడండి లాయరమ్మ గారూ.

బొందలగడ్డ_బిడ్డ
నాన్న నిన్న అడిగాడు, ఆ పిల్ల మళ్లీ ఎప్పుడు వస్తుందని. వస్తే చెప్పులతో కాకుండా బూట్లు వేసుకుని రమ్మన్నాడు. బూడిద చల్లారినట్టు కనిపిస్తుంది గానీ మూడో రోజు దాకా అడుగున నిప్పు ఉంటుందట.